ల్యాబ్ నుంచి వచ్చిన రోగం, డిండి పక్క ఊరు: నవల మీద మీ మాట కావాలి

డిండి_దారి (దేవరకొండ)

అందరికీ నమస్కారం. నవల ఒకటి మొదలుపెట్టాను, మీ సాయం కావాలి. రాబోయే కాలంలో జరిగే కథ. హైదరాబాద్ శివారులో ఒక ల్యాబ్, అందులో వైరస్‌లను మార్చి మార్చి చూసే ఒక శాస్త్రవేత్త. ఆయన గర్వం వల్ల రోగం బయటపడుతుంది, పట్నం కూలిపోతుంది. డిండి ప్రాజెక్టు దగ్గర, దేవరకొండకూ అచ్చంపేటకూ నడుమ ఉన్న ఒక ఊరు దాన్ని ఎట్లా తట్టుకుని బతికిందన్నది అసలు కథ. శ్రీశైలం రోడ్డు అటే పోతుంది కాబట్టి పట్నం వదిలిన జనం కూడా అటే వస్తారు.

రోగం ఎట్లాంటిదైతే నమ్మేటట్టు ఉంటుందో, ముందుగా ఏది ఆగిపోతుందో, చివరికి ఎవరు మిగులుతారో నాకు తేలడం లేదు. సూపర్‌మార్కెట్ల లూటీలు, హైవే మీద కాలిపోయిన కార్లు రాయాలని లేదు. జొన్న చేను, బోరు మోటరు, తండా, వలస బస్సు ఉన్న చోట ఇంత పెద్ద ఆపద వస్తే ఏమవుతుందో రాయాలి.

జీవాల_సార్ (కల్వకుర్తి)

తమ్మీ, రోగం కోసం గబ్బిలాల దాకా పోవద్దు. మన మనుషులతో రాత్రింబవళ్లు కలిసి బతికేవి గొర్రెలు, మేకలు. 2019 పశుగణనలో తెలంగాణలో దాదాపు 1.9 కోట్ల గొర్రెలు లెక్కకొచ్చాయి, దేశంలోనే మొదటి స్థానం. పశువైద్యంలో పనిచేసి రిటైరైన మనిషిగా చెప్తున్నా, మందకాపరి భయపడే రోగాల్లో పీపీఆర్ అనే వైరస్ రోగం ఒకటి. ముక్కు కారుతుంది, నోరంతా పుండ్లు పడుతుంది, పారుకుంటుంది, నిమ్ము చేరి జీవం పోతుంది. మన దేశంలో దీన్ని 1987లో తమిళనాడులో తొలిసారి గుర్తించారు. ఈ వైరస్, పశువులకు వచ్చిన ముసర వ్యాధి వైరస్, మన పిల్లలకు వచ్చే తట్టు వైరస్ మూడూ ఒకే కుటుంబం. తట్టు అనేది ఎన్నో వందల ఏళ్ల కింద ముసర నుంచి విడిపోయి మనుషుల్లో చేరిందని శాస్త్రం చెబుతుంది. అంటే ఈ కుటుంబం ఒకసారి పశువు నుంచి మనిషిలోకి దాటిందే.

ఇప్పుడున్న పీపీఆర్ టీకా మంచిది. ఒక సూదితో మూడేళ్ల దాకా రక్షణ ఉంటుంది, ఒక జీవం నుంచి ఇంకో జీవానికి పాకదు. ఇబ్బంది ఏంటంటే ప్రతి జీవాన్నీ పట్టుకుని వేయాలి, మందును ఐసు డబ్బాలో చల్లగా మోయాలి. మందలేమో ఒక చోట ఉండవు. ఎండాకాలం కృష్ణ ఆయకట్టుకు తోలుకుపోతారు, కోసిన మళ్లలో మంద పెట్టి ఎరువు వేయిస్తారు. వాటి వెనక తిరిగీ తిరిగీ అలసిపోయిన ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది: నాలుగు గొర్రెలకు వేస్తే మందంతటికీ అదే పాకిపోయే టీకా తయారు చేస్తే? ఇది గాలి మాట కాదు. 1999 ప్రాంతంలో స్పెయిన్‌కు చెందిన ఒక చిన్న దీవిలో కుందేళ్ల మీద ఇట్లాంటి పాకే టీకాను వేసి చూశారు. నీ నవలలో ఆ పని మన గొర్రెల మీద జరగనీ. మందలో పాకిన టీకా వైరస్ కొంతకాలానికి మారి కాపరికి అంటుతుంది. అక్కడ మొదలుపెట్టు.

కందనూలు_పాఠకురాలు (నాగర్‌కర్నూల్)

జీవాల సార్ చెప్పిన దారిలో దుర్మార్గుడు లేడు, అందుకే నాకు నచ్చింది. డిండి దారి గారూ, గర్వంతో కళ్లు మూసుకుపోయిన ఆ శాస్త్రవేత్తను దయచేసి తీసేయండి. ఆయన్ని పెడితే చదివేవాళ్లు తప్పంతా ఆయన నెత్తిన వేసి పుస్తకం మూసేస్తారు.

నిజంగా జరిగినవి చూడండి. 1952లో ఫ్రాన్స్‌లో ఆర్మాండ్ డెలిల్ అనే పేరున్న డాక్టర్ తన ఎస్టేట్‌లో కుందేళ్ల బెడద తీరాలని, కుందేళ్లను చంపే మిక్సోమా వైరస్ ఎక్కించిన కుందేళ్లను వదిలాడు. ఎస్టేట్ చుట్టూ గోడ ఉంది కదా అనుకున్నాడు. కొద్ది ఏళ్లలో ఆ దేశంలోని అడవి కుందేళ్లలో చాలా భాగం చచ్చిపోయాయి, రోగం పక్క దేశాలకు పాకింది. కోర్టు ఆయనకు జరిమానా వేసింది, ఆ తర్వాత పతకం కూడా ఇచ్చారు. 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో యూనివర్సిటీ ల్యాబ్‌లోని మశూచి, పై అంతస్తులో పనిచేసే ఫొటోగ్రాఫర్ జానెట్ పార్కర్‌కు సోకింది. మశూచితో ఈ లోకంలో చనిపోయిన చివరి మనిషి ఆమె. ఆ ల్యాబ్ పెద్ద కూడా ఆ దిగులుతోనే ప్రాణం తీసుకున్నాడు. ఆయన జనానికి చెడు చేయాలనుకున్న మనిషి కాదు.

మన దగ్గరకే వద్దాం. దిగుడు బావుల నీళ్లతో నారికురుపు వస్తుందని ఆ బావులు మూయించి చేతిపంపులు, బోర్లు వేశారు. 1996 తర్వాత దేశంలో నారికురుపు లేదు. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. అదే కాలంలో లోతు నుంచి తోడిన నీళ్లలో ఫ్లోరైడ్ వచ్చి మర్రిగూడ, మునుగోడు దిక్కు పిల్లల కాళ్లు వంకర పోయాయి, నడి వయసుకే నడుములు వంగిపోయాయి. భూమి కింద ఏముందో ముందు చూడలేదు, తాగేవాళ్లను అడగలేదు. మీ ల్యాబ్ తప్పు కూడా ఇట్లాంటిదే కావాలి. గొర్రెలు బతకాలనే తపనతోనే చేస్తారు. కాపరులను మాత్రం ఎవరూ అడగరు.

బైక్_మీద_పల్లెలు (సూర్యాపేట)

అందరూ మంచోళ్లే అయితే కథలో పోరు ఎక్కడిది మేడమ్? అంత పెద్ద రోగం వచ్చాక తిండి కోసం ముఠాలు తయారవుతాయి, ఆయుధాలు బయటికొస్తాయి. రాచకొండ గుట్టల్లో ఒక గుంపు చేరి ఊళ్ల మీద పడుతుందని రాస్తే చదివేవాళ్లు పుస్తకం కింద పెట్టరు. బిగువు లేకపోతే ఎంత మంచి విషయమైనా ఎవరూ చదవరు, ఇది నా గట్టి అభిప్రాయం.

కాల్వ_మనిషి (హాలియా)

తమ్ముడూ, పోరు కావాలంటే నీళ్ల దగ్గర కావలసినంత ఉంది. నేను నీళ్ల పంపుల దగ్గర పనిచేస్తాను కాబట్టి వివరంగా చెప్తాను.

నాగార్జునసాగర్ నిండితే మట్టం 590 అడుగులు. హైదరాబాద్ దానికి దాదాపు మూడింతల ఎత్తులో ఉంది. చుక్క నీళ్లు కూడా దానంతట అది పైకి పోదు. పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌లో పోస్తారు, కోదండాపూర్‌లో శుద్ధి చేస్తారు, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా మళ్లీ మళ్లీ ఎత్తుకుంటూ పోతేనే పట్నంలో నల్లా తిరుగుతుంది. మన పల్లెల్లో ఇంటింటి నల్లాకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లకూ పంపులు కావాలి, పటిక కావాలి, క్లోరిన్ కావాలి.

రోగం వస్తే యంత్రాలకు ఏమీ కాదు, షిఫ్టుకు మనుషులు రారు. ఒకతను జ్వరంతో పడిపోతాడు, ఇంకొకతను పిల్లల్ని చూసుకోవాలని ఊరికి పోతాడు. మిగిలిన మనిషి మూడు షిఫ్టులూ తానే చేస్తాడు. నిద్ర లేని మనిషి ఏదో ఒక రాత్రి వాల్వు తప్పు తిప్పుతాడు. పట్నం కూలిపోవడం మీరు రాయాలనుకుంటే అక్కడి నుంచి రాయండి, ఆ ఒక్క పంపుహౌస్ నుంచి.

కరెంటు సంగతి కూడా. గ్రిడ్ మొత్తం పడిపోయినా జలవిద్యుత్ కేంద్రాన్ని మిగతా వాటికంటే త్వరగా లేపొచ్చు. సాగర్, శ్రీశైలం రెండూ మన పక్కనే ఉన్నాయి. అంటే ఏ దిక్కూ లేని కాలంలో కూడా మన దిక్కు కొద్దిగా కరెంటు ఉంటుందని రాయొచ్చు. ఆ కొద్ది కరెంటుతో నీళ్లు ఎవరికి ఎత్తాలి? పైన పట్నంలో లక్షల మంది గొంతు ఎండి ఉన్నారు. కింద పంపుహౌస్ ఉన్నది మన ఊళ్ల నడుమ. పంపుహౌస్ తాళం చేతిలో ఉన్న ఆ మనిషికి ఒక కూతురు పట్నంలో ఉంది, ఒక కొడుకు ఊళ్లో ఉన్నాడు. రాచకొండ ముఠా కంటే ఇది గట్టి పోరు కాదా?

ఇంకొకటి. భగీరథ ఆగిన ఊరు మళ్లీ పాత బోరుకే పోతుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. మన బోర్లలో చాలా వాటిలో అది దాటుతుంది. రోగం వారాల్లో చంపితే ఈ నీళ్లు ఏళ్ల మీద నడుం విరుస్తాయి. దీనికి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు రూపొందించిన నల్లగొండ పద్ధతి ఉండనే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి, బాగా తిప్పి, మడ్డి కిందికి దిగాక పై నీళ్లు తీసుకోవాలి. కరెంటు అక్కర్లేదు, ఇంట్లో బకెట్లో కూడా చేయొచ్చు. మోతాదు మాత్రం నీళ్లను బట్టి మారుతుంది, కాబట్టి లెక్క తెలిసిన మనిషి ఒకరు ఊళ్లో ఉండాలి. ఆ మనిషిని పాత్ర చేయండి. లోకమంతా మన జిల్లా పేరుతో పిలిచే పద్ధతి మన నవలలో ఉండాలి.

బైక్_మీద_పల్లెలు (సూర్యాపేట)

తాళం సంగతి బాగుందన్నా. కూతురు పైన, కొడుకు కింద... ఇది రాయండి డిండి దారి గారూ. ముఠా లేకున్నా నాకు సమ్మతమే.

సబ్‌సెంటర్_అక్క (అచ్చంపేట)

జీవాల సార్ తట్టు కుటుంబం అన్నారు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, నేను ఏఎన్ఎంను. తట్టు ఒక్కరికి వస్తే, రక్షణ లేనివాళ్లలో 12 నుంచి 18 మందికి అంటుతుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో నిలిచి ఉంటుంది. సోకాక దద్దు కనబడేసరికి రెండు వారాలు పట్టొచ్చు. దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే పక్కవాళ్లకు అంటిస్తారు. మీ ఊరి కంచె దగ్గర థర్మామీటర్ పట్టుకుని నిలబడితే లాభం తక్కువ, ఆరోగ్యంగా కనబడే మనిషే రోగం తెస్తాడు.

చావు ఎట్లా వస్తుందో కూడా సరిగ్గా రాయండి. సినిమాల్లోలాగా రక్తం కక్కి పడిపోరు. నోరు పుండై ముద్ద దిగదు, విరేచనాలతో ఒంట్లో నీళ్లు పోతాయి, నిమ్ము చేరుతుంది, కళ్లు పోతాయి. బక్క పిల్లలైతే తొందరగా పోతారు. విటమిన్ ఏ మోతాదులు, ఓఆర్ఎస్, పలుచటి గంజి, నిమ్ముకు మందు, రాత్రంతా పక్కన మేలుకుని ఉండే ఒక మనిషి. ఇవి ఉంటే ఎంతోమందిని నిలబెట్టవచ్చు. మన పాతవాళ్లు తల్లి పోసిందని వేపమండలు కట్టి, బయటివాళ్లను గడప తొక్కనీయక, తాలింపు వాసన లేకుండా మెత్తటి తిండి పెట్టేవాళ్లు. అందులో పనికొచ్చే పద్ధతి ఎంతో ఉంది. దాన్ని వెక్కిరించేటట్టు రాయొద్దని నా కోరిక.

సార్‌కు ఒక ప్రశ్న. మన దేశంలో తట్టు టీకా 1985 నుంచి ఇస్తున్నారు. అంతకు ముందు పుట్టినవాళ్లలో చాలామందికి చిన్నప్పుడే తట్టు వచ్చి తగ్గింది. జనంలో ఎక్కువ మందికి ఏదో ఒక రక్షణ ఉంటుంది కదా, మరి మీ రోగం ఊళ్లకు ఊళ్లను ఎట్లా పడేస్తుంది?

జీవాల_సార్ (కల్వకుర్తి)

మంచి ప్రశ్న అడిగినవమ్మా. ఈ కుటుంబంలో ఒకదాని రక్షణ ఇంకోదానికి కొంత పనికొస్తుంది. ఒకప్పుడు కుక్కపిల్లలకు డిస్టెంపర్ రాకుండా మనుషుల తట్టు టీకానే వాడారు. పీపీఆర్‌కు సొంత టీకా రాకముందు మేకలకు ముసర టీకా వేసేవాళ్లు. కాబట్టి నవల కోసం ఇట్లా పెట్టుకోవచ్చు: ల్యాబ్ నుంచి వచ్చిన వైరస్ పై తొడుగు మారింది. టీకాతో వచ్చిన రక్షణ దానికి చాలడం లేదు. చిన్నప్పుడు అసలు తట్టు వచ్చి తగ్గినవాళ్లకు మాత్రం రెండు రోజుల జ్వరంతో పోతోంది. ఇది కల్పనే, అయినా తెలిసినవాళ్లు కొట్టిపారేయలేని కల్పన.

ఇప్పుడు ఊరెట్లా ఉంటుందో చూడండి. పిల్లలు, పడుచువాళ్లు, సంపాదించే వయసువాళ్లు మంచం పడతారు. ముసలివాళ్లు నిలబడతారు. కరోనాలో మనం అవ్వలను, తాతలను గదిలో దాచి కాపాడుకున్నాం. ఈసారి వాళ్లే బిందె ఎత్తాలి.

పాత_రికార్డులు (మహబూబ్‌నగర్)

నేను కాలేజీలో చరిత్ర చెప్తాను. సార్ చెప్పినదానికి చరిత్రలో జరిగిన సంగతే ఉంది. ఫారో దీవుల్లో 1781లో తట్టు వచ్చిపోయింది. మళ్లీ 1846లో వచ్చింది. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మంది పడ్డారు. పానుమ్ అనే యువ డాక్టర్ ఇల్లిల్లూ తిరిగి రాసిపెట్టాడు: 65 ఏళ్ల కింద తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లలో ఒక్కరికి కూడా రెండోసారి రాలేదు. ఇంత మంది పడినా అక్కడ చావులు తక్కువే.

ఫిజీలో 1875లో ఇదే తట్టు ఓడలో వచ్చింది. దాదాపు లక్షన్నర జనాభాలో 40,000 మంది చనిపోయారు. అక్కడ ఎవరికీ అంతకు ముందు రాలేదు కాబట్టి ఊరంతా ఒకేసారి పడుకుంది. వంట చేసేవాళ్లు లేరు, నీళ్లు తెచ్చేవాళ్లు లేరు. చాలామంది ఆకలితో, దాహంతో, విరేచనాలతో పోయారని ఆనాటివాళ్లు రాశారు. ఈ రెండు చోట్లకూ వేరే తేడాలు కూడా ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయినా నేను ఎప్పుడు ఈ పాఠం చెప్పినా నా మనసు ఆ ఒక్క చోటే ఆగుతుంది. పడిపోయిన మనిషికి నీళ్లు అందించే చెయ్యి ఊళ్లో మిగిలిందా లేదా. డిండి దారి గారూ, మీ నవలకు వెన్నెముక ఇదే కావాలని నా అభిప్రాయం. ఎవరి దగ్గర ఆయుధం ఉంది, ఎవరు తెలివిగా దాక్కున్నారు అనేవి దీని తర్వాతే.

మిర్యాల_కోడలు (మిర్యాలగూడ)

ఇవన్నీ చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. మా ఇంట్లో 2021లో ఇద్దరు పోయారు. ఆఖరి చూపు కూడా లేదు. అంత పెద్ద బాధ కళ్లారా చూశాక మళ్లీ ఇట్లాంటి కథ ఎందుకు రాయాలి, ఎవరు చదవాలి? కోపంతో అడగడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

పాలమూరు_బిడ్డ (మద్దూరు)

అక్కా, మీ బాధ ముందు నేనేం చెప్పగలను. నాకెందుకు కావాలో మాత్రం చెప్తాను.

మా అమ్మానాన్న ముంబైలో కట్టడం పనికి పోయేవాళ్లు. మద్దూరు, కోస్గి, నారాయణపేట దిక్కు ఇండ్లల్లో ఈ కథ లేని ఇల్లు తక్కువ. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తాడు, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి ముంబై బస్సు ఎక్కుతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పని పోయింది, ఉన్న గది కిరాయి కట్టలేరు, బస్సు లేదు, రైలు లేదు. నెత్తిన మూట, చంకన పిల్ల, నడిచి వచ్చినవాళ్లు ఎందరో. తీరా ఊరి దాకా వస్తే రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప. ముంబై నుంచి వచ్చిండ్రు, రోగం తెచ్చిండ్రు అన్నారు. సొంత ఊరు, సొంత మేనమామ అన్నాడు. ఆ మాట తగిలినచోట ఇంకా మానలేదు.

ఆ నడక గురించి వార్తలు వచ్చాయి, ఫొటోలు వచ్చాయి. కంచెకు ఆ పక్క నిలబడిన మనిషి మనసులో ఏముందో, ఈ పక్క నిలబడ్డ మేనమామ మనసులో ఏముందో ఎవరూ పూర్తిగా రాయలేదు. నేను చదవాలనుకుంటున్నది అదే. డిండి దారి అన్నా, నీ ఊరు పట్నం నుంచి వచ్చే కార్ల గురించి భయపడుతోంది. ముందు వచ్చేది కార్లు కావు. ఆ ఊరి పిల్లలే, పనికి పోయిన చోటు నుంచి తిరిగొస్తారు. వాళ్లను ఏం చేస్తారో ముందు తేల్చు.

బైక్_మీద_పల్లెలు (సూర్యాపేట)

బ్రదర్, నీ మాట గుండెకు తగిలింది. అయినా అడుగుతున్నా. అక్క లెక్క ప్రకారం ఒక్కరి నుంచి 18 మందికి అంటుతుంది, దద్దు రాకముందే అంటుతుంది. లోపల 2,000 ప్రాణాలు. కంచె తీసి పది మందిని రానిస్తే ఊరంతా పడుతుంది. సర్పంచ్ స్థానంలో నువ్వు ఉంటే తీస్తావా?

పాలమూరు_బిడ్డ (మద్దూరు)

కంచె తీయమని అనలేదు. కంచెకు ఆ పక్క కూడా మన ఊరే అని రాయమంటున్నా. నీళ్ల బిందె, బియ్యం, దుప్పటి అటు పోవాలి.

సబ్‌సెంటర్_అక్క (అచ్చంపేట)

ఇది చేయగలిగిన పనే. ఊరి బయట బడి ఉంటుంది, పొలాల దగ్గర కొట్టాలు ఉంటాయి. మూడు వారాలు అక్కడ ఉంచితే సోకినవాళ్లెవరో తేలిపోతుంది. 2021 మేలో మన నల్లగొండ జిల్లాలోనే ఒక తండా విద్యార్థి, ఇంట్లో వేరే గది లేక, చెట్టు మీద మంచం కట్టుకుని 11 రోజులు ఉన్నాడు. ఇంటివాళ్లు కింద నుంచి తిండి అందించేవాళ్లు. జాగా లేని పేద ఇంటివాళ్లు కూడా దారి వెతికారు. ఊరు మొత్తం అనుకుంటే వెతకలేదా?

బడిలో ఉన్నవాళ్లకు నీళ్లు, గంజి ఎవరు ఇస్తారన్నది మీ కథలో ముందే తేలింది. ముసలమ్మలు. వాళ్లకు రోగం తేలిగ్గా పోతుంది కదా.

పాత_రికార్డులు (మహబూబ్‌నగర్)

ఊరు మూసుకునే పద్ధతి మన దగ్గర పాతదే. గత్తర, ప్లేగు వచ్చినప్పుడు ఊరు వదిలి చెలకల్లో గుడిసెలు వేసుకునేవాళ్లు. బొడ్రాయి పండుగకు ఊరు కట్టడి చేస్తారు, పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు, అది అయ్యేదాకా బయటివాళ్లు లోపలికి రావొద్దు, లోపలివాళ్లు దాటొద్దు. అదే పండుగకు ఇచ్చిన ఆడబిడ్డలందరినీ ముందే ఇంటికి పిలుచుకుంటారు. కట్టడికి ముందు మనవాళ్లు ఎవరెవరో లెక్క చూసుకోవడం ఆ పద్ధతిలోనే ఉంది. నవలలో పెద్దమనుషుల పంచాయితీలో ఈ మాట ఒక ముసలామె లేవనెత్తితే బాగుంటుంది.

ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. తట్టు లాంటి రోగం ఒక చోట ఏళ్ల తరబడి నిలవాలంటే రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల జనాభా కావాలని అంచనా. 2,000 మంది ఊళ్లో అంటాల్సినవాళ్లందరికీ అంటి కొన్ని వారాల్లో దానంతట అదే ఆగిపోతుంది. పెద్ద పట్నాలు ఖాళీ అయ్యాక రోగానికి నిలువ నీడ ఉండదు. కాబట్టి మీ నవలలో ఆ కొన్ని వారాలే ప్రాణం. వాటిని నింపాదిగా, పూట పూటగా రాయండి.

డిండి_దారి (దేవరకొండ)

అందరి మాటలూ కాగితం మీద రాసుకున్నాను. ల్యాబ్ శాస్త్రవేత్త ఇప్పుడు ఒక కాపరి కూతురు. తండ్రి మంద పీపీఆర్‌తో పోయినప్పుడు చూసిన పిల్ల, అందుకే పాకే టీకా కోసం అంత పట్టుపట్టింది. నిన్న రాత్రి కంచె దగ్గర సన్నివేశం రాశాను. కొద్దిగా ఇక్కడ పెడుతున్నా:

"రేకుల బడి వరండాలో పదకొండు మంది కూర్చున్నారు. కంప అవతల నుంచి అవ్వ బిందె దించింది. 'గిలాస మీరే తెచ్చుకున్నరా?' అనడిగింది. ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రీ లేచి, 'పెద్దమ్మా, నువ్వు దగ్గరికి రాకు, మాకు సోకిందో లేదో తెల్వదు' అన్నాడు. అవ్వ కంప పక్కకు జరిపింది. 'నాకు ఆరేండ్లప్పుడు తల్లి పోసింది. మా అమ్మ పదిహేను దినాలు నన్ను నట్టింట్ల పండబెట్టింది. నాకేం కాదు గని, ఆ పిల్ల ఎప్పటిసంది తాగుతలేదు?' సర్పంచ్ వెనక నుంచి అరుస్తున్నాడు. అవ్వ తిరిగి చూడలేదు. పిల్ల తల చేత్తో ఎత్తి, చెంచాతో పెదవి తడిపి, మింగిందాకా ఆగి, ఇంకో చెంచా పోసింది. ఊళ్లో ఇంకా ఎంతమంది ముసలోళ్లకు చిన్నప్పుడు తల్లి పోసిందో ఆ సాయంత్రం నుంచి ఇల్లిల్లూ అడగడం మొదలుపెట్టారు."

మిర్యాల_కోడలు (మిర్యాలగూడ)

చెంచా నీళ్లు మింగిందాకా ఆగడం... మా అత్తమ్మకు ఆఖరి రోజుల్లో అట్లా పోసే మనిషిని లోపలికి పోనీయలేదు. రాయండి. నేను చదువుతాను.

పాలమూరు_బిడ్డ (మద్దూరు)

అన్నా, మేస్త్రీతో రాకు అనిపించినవ్, అది చాలా నిజం. తిరిగొచ్చినవాళ్లకు కూడా ఊరి మీద అంతే భయం, అంతే ప్రేమ. ఒక్కటి చేర్చు. మేస్త్రీ దగ్గర గుంపులో ఉన్న అందరి పేర్లు, ఎవరికి ఎంత అడ్వాన్స్ ఇచ్చాడో రాసుకున్న పుస్తకం ఉంటుంది. దారిలో పోయినవాళ్ల పేర్లు అందులోనే ఉంటాయి. ఊరికి లెక్క చెప్పాల్సింది ఆయనే.

కాల్వ_మనిషి (హాలియా)

బడి దగ్గర బోరు నీళ్లే ఉంటాయి. ఆ అవ్వల్లో ఒకామెకు పటిక, సున్నం లెక్క నేర్పించండి. పంపుహౌస్ మనిషి కూతురు ఆ పదకొండు మందిలో ఉంటే రెండు కథలూ కలుస్తాయి.

జీవాల_సార్ (కల్వకుర్తి)

మందలను మరిచిపోకండి. రోగం మనుషుల్లో ఆగినా గొర్రెల్లో తిరుగుతూనే ఉంటుంది. కాపరులను ఊళ్లోకి రానిస్తారా, మందలను నరికేస్తారా? తండ్రి మందను కాపాడాలని టీకా చేసిన ఆ కాపరి కూతురు ఊరికి తిరిగొస్తే ఆమెను కంచెకు ఏ పక్కన నిలబెడతావో కూడా ఆలోచించు తమ్మీ.

సబ్‌సెంటర్_అక్క (అచ్చంపేట)

రెండో భాగానికి ఒక సంగతి. తట్టు తగ్గాక కూడా ఒంటికి పాత రోగాల మీద ఉన్న రక్షణ కొంత, కొందరిలో చాలా వరకు చెరిగిపోతుంది. కాబట్టి బతికిన పిల్లలు తర్వాతి రెండు మూడేళ్లు ప్రతి దగ్గుకూ, ప్రతి విరేచనానికీ పడుతూనే ఉంటారు. అరుదుగా కొందరికి ఏడు నుంచి పదేళ్ల తర్వాత మెదడుకు వస్తుంది. చదువు తగ్గుతుంది, చేతిలో వస్తువులు జారిపోతాయి, ఒళ్లు ఉలికిపడుతుంది, తర్వాత లేవలేరు. దానికి మందు లేదు. రెండేళ్ల లోపు సోకినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. అవ్వ చెంచాతో నీళ్లు పోసిన ఆ పిల్ల వయసు ఎంతని పెట్టారు మీరు?